తండ్రి పేరు, నెత్తుటి సాక్ష్యం

బిడ్డకు తండ్రి ఎవరనే ప్రశ్నను మన కోర్టుల్లో రెండు రకాల మనుషులు అడుగుతారు. మొదటి రకం, కట్టుకున్న భార్యను అనుమానించి భరణం ఎగ్గొట్టడానికో, విడాకులు పుచ్చుకోవడానికో, దాయాది వాటా తప్పించడానికో అడిగేవాళ్ళు. రెండో రకం, చంకలో బిడ్డనెత్తుకొని 'ఈ బిడ్డ నీకు పుట్టిందే' అని ఒక మగవాణ్ణి వేలెత్తి చూపెట్టే తల్లులు. ఇద్దరూ అడిగేది ఒకటే పరీక్ష. ఒకప్పుడు అది నెత్తురు గ్రూపు పరీక్ష, ఇప్పుడు డి.ఎన్.ఏ. పరీక్ష. ఐతే న్యాయశాస్త్ర పుస్తకాల్లో, పత్రికల్లో దీని గురించి రాసిందంతా దాదాపుగా మొదటి రకం వాళ్ళ కథే. రెండో రకం తల్లి అక్కడక్కడ ఒక ఫిర్యాదుదారుగా కనబడి మాయమైపోతది. ఆమె కులమేమిటో, ఆమె చూపెట్టిన మగవాడి కులమేమిటో ఆ పుస్తకాలు అడగవు.

మేము అడగదలచుకున్నాం. పెళ్ళయిన స్త్రీ మర్యాదను, ఆమె బిడ్డ 'సక్రమత'ను కాపాడడానికి కోర్టులు ఒక గోడ కట్టినయి. అది అవసరమైన గోడే. ఐతే అదే గోడ పెళ్ళి బయట బిడ్డను కన్న దళిత తల్లికి అడ్డమై, ఆమెను మోసం చేసినవాడికి చాటు అవుతున్నది. ఇదెట్లా జరిగిందో తెలియాలంటే ఈ చట్టం చరిత్రను ఢిల్లీ నుంచి కాకుండా కాటారం వంటి ఊరి నుంచి చదవాలె.

గడీ అడగనివ్వని ప్రశ్న

కాటారం ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. మంథని దిక్కు నుంచి, భూపాలపల్లి దిక్కు నుంచి వచ్చే తొవ్వలు ఇక్కడ కలిసి మహాదేవపూర్ మీదుగా కాళేశ్వరం పోతయి. 1948 దాకా ఇది నిజాం రాజ్యం. తెలంగాణ పల్లెల్లో భూమి, తీర్పు, శిక్ష మూడూ గడీలోనే ఉండేవి. మాదిగలు, మాలలు, చాకళ్ళు, మంగళ్ళు, ఇంకా ఇతర సేవక కులాలు కూలి లేని వెట్టి చేసినరు. ఆ వెట్టిలో ఆడవాళ్ళ ఒంటిమీద దొర పెత్తనం కూడా కలిసే ఉండేది. దొరబిడ్డ అత్తగారింటికి పోతుంటే వెంట సారెతో పాటు ఒక దాసీపిల్లను పంపేవాళ్ళు. ఆ పిల్లను 'ఆడబాప' అన్నరు. పెళ్ళి లేకుండా గడీలోనే బతికిన ఆడబాపలకు బిడ్డలు పుట్టినరు. ఆ బిడ్డల తండ్రి ఎవరో ఊరందరికీ తెలుసు. అడిగే హక్కు మాత్రం ఎవరికీ లేదు. దేవత పేరు చెప్పి జోగినిగా విడిచిన మాదిగ, మాల పిల్లల కడుపున పుట్టిన బిడ్డల గతీ ఇదే. ఆ బిడ్డకు తండ్రిగా దేవుడి పేరు చెప్పేవాళ్ళు, లేదంటే ఏమీ చెప్పేవాళ్ళు కాదు.

దీన్ని 'ఆనాటి ఆచారం' అని తోసిపుచ్చడం కుదరదు. ఇందులో ఒక శాస్త్రం ఉంది. అంబేద్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన కుల వ్యాసంలో, కులం లోపలే పెళ్ళి అనే కట్టుబాటే కులానికి ప్రాణమనీ, ఆ కట్టుబాటును నిలబెట్టడానికి ఆడదాన్ని అదుపులో పెట్టాల్సి వచ్చిందనీ చూపించిండు. అగ్రకుల స్త్రీకి కాపలా పెట్టిన ఆ వ్యవస్థే దళిత స్త్రీకి ఏ కాపలా లేకుండా చేసింది. గడీ లోపలి ఆడదాని బిడ్డ ఎవరికి పుట్టిండన్నది ఆస్తి ప్రశ్న గనక దానికి వెయ్యి కళ్ళు. వాకిలి ఊడ్చే ఆడదాని బిడ్డ ఎవరికి పుట్టిండన్నది ఎవరికీ పట్టని ప్రశ్న. పట్టించుకుంటే ఆస్తిలో వాటా అడుగుతారు గదా!

ఈ లెక్కను ఇంగ్లీషు కోర్టులు హిందూ ధర్మశాస్త్రం పేరుతో చట్టంగా కూడా మార్చినయి. మితాక్షర ప్రకారం శూద్రుడికి దాసివల్ల పుట్టిన కొడుకుకు తండ్రి ఆస్తిలో కొంత వాటా ఉంది. పై మూడు వర్ణాలవాడికి దాసివల్ల పుట్టిన కొడుకుకు వాటా లేదు, తిండి మాత్రమే ఉంది. ఆ శూద్ర 'దాసీపుత్రుడి' వాటా కూడా ఆ స్త్రీ ఒక్కడి దగ్గరే శాశ్వతంగా ఉన్నట్టు రుజువైతేనే. అంటే తండ్రి తేలినా సరే, కొడుక్కి ఏం దక్కాలన్నది తండ్రి వర్ణమే నిర్ణయించింది. పై కులంవాడు కన్న బిడ్డకు తక్కువ, కింది కులంవాడు కన్న బిడ్డకు ఎక్కువ! పైవాడి భూమికి కంచె అంత గట్టిగా కట్టినరు.

ఈ మౌనం మీద దెబ్బ పడ్డది ఉద్యమాల వల్లనే. సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ మాటలను స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా అచ్చువేసినప్పుడు మనం అది చదివినం. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర నాటికి కరీంనగర్ పల్లెల్లో కూలి రేట్లు, వెట్టి, పోరంబోకు భూములతో పాటు దొరల ఆగడాలు ఆడవాళ్ళ మీద ఆగాలన్నది కూడా ప్రశ్నగా ముందుకొచ్చింది. గడీలు కూలినయి. గడీల్లో పుట్టిన బిడ్డల కాగితాల్లో తండ్రి పేరు మాత్రం ఖాళీగానే మిగిలింది.

1951లో జరిగిన మూడు సంగతులు

హైదరాబాద్ రాష్ట్రానికి భారత సాక్ష్య చట్టం వచ్చింది 1951 ఏప్రిల్ 1న, బి భాగం రాష్ట్రాల చట్టాల శాసనం ద్వారా. దాంతో పాటే 1872లో రాసిన సెక్షన్ 112 కాటారానికి వచ్చింది. దాని సారం ఇది. చెల్లుబాటయ్యే పెళ్ళి నడుస్తుండగా గాని, ఆ పెళ్ళి రద్దయ్యాక తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా ఉన్న 280 రోజుల్లోపల గాని పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. దీనికి తిరుగు లేదు. గర్భం నిలిచే కాలంలో భార్యాభర్తలు కలుసుకునే అవకాశమే లేదని రుజువు చేస్తే తప్ప దీన్ని ఎవరూ కాదనలేరు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో ఇదే సెక్షన్ 116గా కొనసాగుతున్నది.

ఈ సెక్షన్ మంచిదా చెడ్డదా? పెళ్ళయిన తల్లికి, ఆమె బిడ్డకు చాలావరకు మంచిదే. మొగుడు తాగొచ్చి 'వీడు నాకు పుట్టలేదు' అని అంటే సరిపోదు. మన వాడల్లో కూడా ఆ మాట అనే మొగుళ్ళకు కొదవ లేదు గనక ఈ రక్షణ మన ఆడవాళ్ళకూ కావాలె. ఐతే ఇందులో రెండు గుంతలున్నయి. పెళ్ళి లేని తల్లికి ఈ సెక్షన్ ఏ భరోసా ఇవ్వదు, రుజువు భారం మొత్తం ఆమె నెత్తినే. రెండో గుంత ఇంకా లోతైనది. పాలేరు భార్యను ఆసామి లొంగదీసుకుంటే, పుట్టిన బిడ్డ చట్టం కళ్ళకు పాలేరు బిడ్డే. భార్యాభర్తలు ఒకే గుడిసెలో ఉన్నంతకాలం, ఆసామి తండ్రి అని చెప్పే దారి మూసుకపోయినట్టే. సక్రమతను కాపాడే సూత్రం అక్కడ దొర పరువును కాపాడుతది.

అదే 1951 నాటి తీర్పుల సంచికల్లో మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటి అచ్చయింది. అది ఒక తెలుగు కుటుంబంలోని దావా. తల్లి సంరక్షణలో ఉన్న మైనరు కొడుకు ఒక వైపు, ఆ పిల్లవాడు తన బిడ్డ కాదనే మనిషి ఇంకో వైపు. నెత్తురు పరీక్ష చేయించమని ఆ మనిషి అడిగిండు. సివిల్ ప్రొసీజరు కోడులో గాని, సాక్ష్య చట్టంలో గాని అట్లాంటి పరీక్షకు ఏ పద్ధతీ రాసి లేదనీ, కోర్టుకున్న సహజాధికారాన్ని కక్షిదారు అడిగినంత మాత్రాన వాడకూడదనీ హైకోర్టు చెప్పింది. ఆనాటి పరీక్షకు ఉన్న సత్తువ కూడా తక్కువే. కార్ల్ లాండ్‌స్టైనర్ 1900 ప్రాంతంలో కనుగొన్న ఏ, బి, ఓ గ్రూపులతో 'ఇతను తండ్రి అయ్యే వీలు లేదు' అని కొన్నిసార్లు చెప్పొచ్చు. 'ఇతనే తండ్రి' అని ఎన్నడూ చెప్పలేం. ఊళ్ళో ఒకే గ్రూపు నెత్తురున్న మగవాళ్ళు ఎంతమందో! అంటే ఆ పరీక్ష కాదనేవాడికే అక్కరకొచ్చేది, అవునని నిరూపించాల్సిన తల్లికి పనికొచ్చేది కాదు.

మూడో సంగతి కూడా ఆ ఏడుదే. 1951 సెప్టెంబరులో అంబేద్కర్ కేంద్ర మంత్రివర్గానికి రాజీనామా ఇచ్చిండు. హిందూ కోడ్ బిల్లును నీరుగార్చి పక్కన పెట్టడం ఆయన చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది. తర్వాత 1955, 56లలో ఆ బిల్లు ముక్కలు ముక్కలుగా చట్టాలైంది. పెళ్ళి లేకుండా పుట్టిన బిడ్డకు ఆ ముక్కల్లో ఏం దక్కిందో ముందు ముందు చూద్దాం.

కట్లపాము నుంచి తలశ్శేరి దాకా

1984లో ఇంగ్లండులోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఏ. వేలిముద్ర పద్ధతిని కనిపెట్టిండు. బిడ్డ డి.ఎన్.ఏ.లో సగం తల్లిది, సగం తండ్రిది. తల్లి నుంచి వచ్చిన గీతలను పక్కన పెడితే, మిగిలిన గీతలు తండ్రివి అయి తీరాలె. 'కాదు' అని మాత్రమే చెప్పగలిగిన నెత్తురు పరీక్ష మొదటిసారి 'అవును' అని కూడా చెప్పగలిగింది. తల్లి పక్షాన ఒక సాక్షి పుట్టింది.

ఈ సాక్షికి మన దేశంలో పురుడు పోసింది హైదరాబాదు. కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలో, అంటే సి.సి.ఎం.బి.లో, లాల్జీ సింగ్ 1980ల చివర్లో సొంత పద్ధతిని తయారు చేసిండు. ఆయన వాడిన డి.ఎన్.ఏ. ముక్క మొదట కట్లపాము జాతి పాములో దొరికింది. మన దేశంలో ఈ పరీక్షతో తేలిన మొదటి తండ్రి తగాదా కేరళలోని తలశ్శేరిది. పెళ్ళి కాని తల్లి బిడ్డకు భరణం అడిగింది, అతను కాదన్నడు. మేజిస్ట్రేటు పంపిన నెత్తురు హైదరాబాదుకు వచ్చింది. అతనే తండ్రి అని తేలింది. వేలిముద్రల నిపుణుడి అభిప్రాయం లాగే సాక్ష్య చట్టం సెక్షన్ 45 కింద దీన్నీ తీసుకోవచ్చని కేరళ హైకోర్టు 1991లో ఒప్పుకుంది. 1996లో హైదరాబాదులోనే డి.ఎన్.ఏ. వేలిముద్రలకు ప్రత్యేకంగా సి.డి.ఎఫ్.డి. అనే కేంద్రం వచ్చింది.

ఈ సంగతిని మనం గుర్తు పెట్టుకోవాలె. భార్యను అనుమానించిన భర్త కోసం ఈ పరీక్ష మన కోర్టుల్లోకి రాలేదు. మగవాడు కాదన్న బిడ్డ కోసం, ఆ తల్లి అడిగితే వచ్చింది. తర్వాత తీర్పుల్లో ఆ సంగతి మరుగున పడిపోయింది.

తీర్పుల దారి

1993లో సుప్రీంకోర్టు గౌతం కుందు కేసులో తీర్పు చెప్పింది. కలకత్తా భర్త ఒకతను భార్యాబిడ్డలకు భరణం ఇవ్వకుండా బిడ్డకు నెత్తురు పరీక్ష చేయమన్నడు. పరీక్ష మామూలుగా, అడిగిందే తడవుగా వేయకూడదు, కలుసుకునే అవకాశం లేదనడానికి బలమైన ఆధారం ముందు చూపాలె, బిడ్డ మీద అక్రమ సంతానమనే ముద్ర, తల్లి మీద చెడిపోయిందనే ముద్ర పడతదా అని కోర్టు ఆలోచించాలె, ఎవరినీ బలవంతంగా నెత్తురు ఇమ్మనకూడదు అని సుప్రీంకోర్టు సూత్రాలు పెట్టింది. ఆ భర్తకు అది సరైన జవాబు. ఐతే ఆ సూత్రాలు కేసు వాస్తవాల నుంచి ఊడిపోయి అందరికీ వర్తించే మంత్రాలైనయి. 'మామూలుగా వేయకూడదు', 'బలవంతం చేయకూడదు' అనే రెండు మాటలు ఆ తర్వాత తండ్రులుగా చూపబడ్డ మగవాళ్ళ వకీళ్ళకు కంఠస్థమైనయి.

అక్కడి నుంచి తీర్పులు రెండు పాయలుగా నడిచినయి. 1999లో ఒరిస్సా నుంచి వచ్చిన భరణం కేసులో, పరీక్షకు ఒప్పుకోని మనిషికి తండ్రిని కాదనే హక్కు లేదని సుప్రీంకోర్టు అన్నది. 2001లో కామ్తీదేవి కేసులో భార్యాభర్తలు కలిసి ఉన్నారంటే డి.ఎన్.ఏ. ఫలితం కూడా సెక్షన్ 112ను దాటలేదన్నది. 2003లో శారద కేసులో వైద్య పరీక్షకు ఆదేశించే అధికారం కుటుంబ న్యాయస్థానాలకు ఉందనీ, ఒప్పుకోనివాడి మీద వ్యతిరేకంగా అర్థం తీసుకోవచ్చనీ చెప్పింది. 2010లో భవానీ ప్రసాద్ జెనా కేసులో మహిళా కమిషన్ ఇచ్చిన డి.ఎన్.ఏ. ఆదేశాన్ని కొట్టేసి, 'తప్పనిసరి అవసరం' ఉంటేనే కోర్టు వేయాలన్నది. అంటే తల్లికి కొంచెం తేలిగ్గా అందే కమిషన్ తలుపు మూసుకుంది. 2014లో నందలాల్ కేసులో, పరీక్ష అప్పటికే జరిగిపోయి భర్త తండ్రి కాదని తేలితే చట్టం ఊహ కన్నా శాస్త్రం నిజమే పైచేయి అన్నది. 2014లోనే దీపాన్వితా రాయ్ కేసులో భార్య వ్యభిచారాన్ని నిరూపించడానికి కూడా పరీక్షను అనుమతించింది. 2023 ఫిబ్రవరిలో అపర్ణ ఫిరోదియా కేసులో మళ్ళీ వెనక్కి తగ్గి, తల్లిదండ్రుల తగవులో బిడ్డ శరీరాన్ని సాక్ష్యంగా వాడుకోకూడదన్నది. 2017 నాటి పుట్టస్వామి తీర్పు ఇచ్చిన గోప్యత హక్కు ఇప్పుడు ఈ వాదనలన్నింటికీ ఆధారం.

ఇందులో రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిది ఎన్.డి. తివారి కేసు. తివారి 2007 నుంచి 2009 దాకా మన ఆంధ్రప్రదేశ్ గవర్నరు. ఆయనే తన తండ్రి అని రోహిత్ శేఖర్ 2008లో ఢిల్లీ హైకోర్టులో దావా వేసిండు. ఆ దావా వేసేనాటికి తివారి హైదరాబాదు రాజ్‌భవన్‌లోనే ఉన్నడు. నెత్తురు ఇయ్యనని సుప్రీంకోర్టు దాకా కొట్లాడిండు. చివరికి 2012 మేలో డెహ్రాడూన్‌లో ఆయన ఇంట్లో నమూనా తీసుకున్నరు. పరీక్ష హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి.లో జరిగింది. జులై 27న కవరు విప్పితే ఆయనే తండ్రి అని తేలింది. గవర్నరుగిరీ చేసినవాడి నెత్తురు తీయించిన ఆ తీర్పును మేము తక్కువ చేయం. ఐతే రాజకీయ కుటుంబంలో పుట్టి, ఢిల్లీలో సీనియరు వకీళ్ళను పెట్టుకోగలిగిన కొడుక్కే నాలుగేళ్ళు పట్టింది. రోజు కూలి తల్లి సంగతేంది?

రెండోది 2025 జనవరిలో వచ్చిన ఐవాన్ రత్నం కేసు. కేరళలో పెళ్ళి నడుస్తుండగా పుట్టిన కొడుకు, తన అసలు తండ్రి ఇంకొకడని చెప్పి భరణం, పరీక్ష అడిగిండు. తల్లి పెళ్ళి నడుస్తున్నది, భర్త దగ్గరే ఉన్నది కాబట్టి చట్టం ప్రకారం తండ్రి భర్తే, పరీక్షకు పంపితే తండ్రి అనబడ్డవాడి గోప్యతకు, గౌరవానికి దెబ్బ తగులుతుందని సుప్రీంకోర్టు ఆపేసింది. ఆ కుటుంబం గురించి మేము ఏమీ అనడం లేదు. సూత్రం మాత్రం మనకు సంబంధించిందే. మేము పైన చెప్పిన పాలేరు బిడ్డ రేపు కోర్టుకు పోతే అతనికీ ఇదే జవాబు వస్తది. గోప్యత మంచి హక్కే. ఊరందరి ముందు పొట్ట మోసిన తల్లికి ఏ గోప్యత మిగిలింది? ఇక్కడ దాపరికం మగవాడికి ఒక్కడికే మిగిలి ఉంది, దాన్నే చట్టం కాపాడుతున్నది.

కాటారం నుంచి కోర్టు దాకా

ఒక తల్లిని ఊహించుకుందాం. కాటారం దగ్గరి ఒక ఊళ్ళో మాదిగ పిల్ల, పత్తి ఏరను పోతది. పెళ్ళి చేసుకుంటనని చెప్పిన పటేలు కొడుకు కడుపొచ్చినాక మాట మార్చిండు. ఆమె ముందు ఏముంది?

మొదట పంచాయితి. పెద్దమనుషులు కూసుంటరు. కొంత పైకం ఇప్పించి, తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకొని, 'నీకూ మంచిది, ఊరికీ మంచిది' అంటరు. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన ఒక కేసులో, పంచాయితిలో తప్పు ఒప్పుకొని గడువడిగిన మనిషి తర్వాత కనబడకుండా పోయిండు. పెళ్ళి చేసుకుంటనని మొదటి నుంచీ అబద్ధమే చెప్పి లోబరుచుకున్నడని తేల్చి సుప్రీంకోర్టు 2006లో అతని శిక్షను ఖాయం చేసింది. పంచాయితిలో ఒప్పుకున్న మాటకు సాక్షులు నిలబడ్డందుకే ఆ కేసు నిలిచింది. కాబట్టి కార్యకర్తలు యాది పెట్టుకోవాలె, పంచాయితి జరిగితే ఎవరెవరు ఉన్నరో, ఎవరేమన్నరో తేదీతో సహా రాసి పెట్టుకోవాలె.

రెండోది పోలీసు ఠాణా. క్రిమినల్ కేసు పెడితే పరీక్షకు దారి తేలిక. 2005 సవరణతో నేర విచారణ స్మృతిలో చేరిన సెక్షన్ 53ఏ, ఇప్పటి నాగరిక సురక్షా సంహితలో సెక్షన్ 52, అత్యాచారం కేసులో నిందితుడి నుంచి డి.ఎన్.ఏ. నమూనా తీసుకోవడానికి అధికారమిస్తది. అవసరమైన మేరకు బలం కూడా వాడొచ్చు. దళిత, ఆదివాసీ స్త్రీ మీద పెత్తనాన్ని వాడుకొని లోబరుచుకోవడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టంలో నేరం. పెళ్ళి పేరుతో మోసం 2024 నుంచి న్యాయ సంహిత సెక్షన్ 69 కింద ప్రత్యేక నేరం, పదేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. చిక్కేమంటే, తల్లి అడుగుతున్నది ఒకోసారి జైలు కాదు, బిడ్డకు పేరు, కూడు, భూమి. నేరం అని కేసు పెడితేనే నెత్తురు తీస్తరు. హక్కు అని అడిగితే 'బలవంతం కూడదు' అంటరు. ఇది ఏం న్యాయం?

మూడోది భరణం కేసు. పాత స్మృతిలో సెక్షన్ 125, ఇప్పుడు 144. 'సక్రమమైనా అక్రమమైనా' బిడ్డను పోషించాల్సింది తండ్రే అని ఇందులో రాసి ఉంది. 2001 సవరణ దాకా నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించే వీలు కోర్టుకు లేదు. తలశ్శేరి తల్లి నెత్తురును హైదరాబాదు దాకా పంపి గెలుచుకున్నది ఆ 500 లోపల సొమ్మునే అని గుర్తుంచుకుందాం. ఈ కేసులో మేజిస్ట్రేటు పరీక్షకు ఆదేశిస్తే తల్లి, బిడ్డ, ఆ మనిషి ముగ్గురి నెత్తురూ గుర్తింపు కాగితాలు, ఫొటోలతో సహా తీసి, సీలు వేసి ప్రయోగశాలకు పంపుతరు. అతను రాకపోతే వ్యతిరేకంగా అర్థం తీసుకోమని శారద తీర్పును చూపించి అడగాలె. దళితులకూ, స్త్రీలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 నాటి చట్టంలో సెక్షన్ 12 ఇచ్చిన హక్కు. 2022 జూన్ 2న కొత్త జిల్లాల్లో జిల్లా కోర్టులు తెరుచుకున్నయి. కోర్టు దగ్గరికి వచ్చింది గాని, ఆ మెట్లెక్కే ధైర్యం ఇచ్చేది సంఘమే.

తండ్రి తేలినాక దక్కేదేంటి

పరీక్ష అయింది, అతనే తండ్రి అని తేలింది అనుకుందాం. బిడ్డకు ఏం దక్కుతది? 1956 నాటి దత్తత, పోషణ చట్టం సెక్షన్ 20 ప్రకారం మైనారిటీ తీరేదాకా పోషణ. అంతే. అదే ఏడు వచ్చిన హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 3లో, పెళ్ళి లేకుండా పుట్టిన బిడ్డ తల్లికి, తోబుట్టువులకు మాత్రమే బంధువు అని రాసినరు. తండ్రికి కాదు. డి.ఎన్.ఏ. రిపోర్టు గోడకు తగిలించుకున్నా తండ్రి పొలంలో గుంటెడు రాదు. చెల్లని పెళ్ళి జరిగి ఉంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 16 ఆ బిడ్డలకు సక్రమతను ఇస్తది. 2023 సెప్టెంబరు 1న రేవణసిద్ధప్ప కేసులో సుప్రీంకోర్టు వాళ్ళకు తల్లిదండ్రుల ఆస్తిలో, ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే భాగంలో కూడా హక్కుందని చెప్పింది. ఐతే దానికి ఏదో ఒక పెళ్ళి జరిగి ఉండాలె. దొర మాదిగ పిల్లకు తాళి కడతడా? పెళ్ళి అసలే జరగని బిడ్డ, అంటే కులం అడ్డమొచ్చి పెళ్ళి కాని బిడ్డ, ఈ మేలు బయటనే నిలబడ్డడు. దాసీపుత్రుడి నాటి కంచె కొత్త కట్టెలతో మళ్ళీ లేచింది.

జోగిని బిడ్డలది ఇదే గోస. 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం చేసింది. ఆచారాన్ని నేరమన్నది గాని పుట్టిన బిడ్డల తండ్రుల సంగతి ఎత్తలేదు. జోగినుల స్థితి మీద వేసిన జస్టిస్ రఘునాథరావు ఏకసభ్య కమిషన్, ఆ బిడ్డలకు ఖర్చు లేకుండా డి.ఎన్.ఏ. పరీక్షలు చేయించి ఆస్తి హక్కు కల్పించమని సూచించింది. పక్కనున్న కర్ణాటక శాసనసభ 2025 ఆగస్టులో ఆమోదించిన కొత్త దేవదాసీ బిల్లులో, తండ్రిని గుర్తించమని అడిగే హక్కును, అందుకు డి.ఎన్.ఏ. పరీక్షను బిడ్డల కోసం రాసుకున్నరు. మనం దాన్ని జాగ్రత్తగా చదవాలె.

మనలో మనం తేల్చుకోవలసినవి

మన మిత్రుల నుంచి మూడు ప్రశ్నలు వస్తయి. తండ్రి పేరు కోసం పాకులాడటం పితృస్వామ్యాన్ని ఒప్పుకున్నట్టే గదా అంటరు కొందరు. తల్లి పేరు చాలు అనేది మా కోరిక కూడా. 2015లో పెళ్ళి కాని తల్లి తండ్రి పేరు చెప్పకుండానే బిడ్డకు సంరక్షకురాలు కావచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. బడిలో, ఆఫీసులో తండ్రి పేరు చెప్పమని ఆ బిడ్డను వేధించేవాళ్ళ ముందు టీచర్లు ఈ తీర్పును పెట్టాలె. పేరు చెప్పకుండా ఉండే హక్కు, అడిగి వసూలు చేసే హక్కు రెండూ తల్లివే కావాలె. భూమి అంతా మగవాళ్ళ పేరు మీదనే ఉన్నంతకాలం, రెండో హక్కును వదులుకోమనడం దొరకు రాయితీ ఇచ్చుడే.

తండ్రి పైకులం వాడని తేలితే బిడ్డ రిజర్వేషన్ పోతదేమో అని ఇంకో భయం. తండ్రి కులమే బిడ్డ కులం అనే ఊహ తిరుగులేనిది కాదనీ, తల్లి కులంలో పెరిగి ఆ అవమానాలే పడ్డ బిడ్డ అది నిరూపించుకోవచ్చనీ 2012లో రమేశ్‌భాయ్ నాయక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాడలో పుట్టి వాడలో పెరిగి వాడ పేరుతో తిట్లు తిన్న బిడ్డ ఎవరి బిడ్డో ప్రయోగశాల చెప్పనక్కరలేదు.

పరీక్షను తేలిక చేస్తే రేపు మన మొగుళ్ళే మన ఆడవాళ్ళ మీద దాన్ని ప్రయోగించరా అన్నది మూడోది, అన్నింటికన్న బరువైనది. ప్రయోగిస్తరు. అందుకే అందరికీ ఒకే తలుపు తెరవమని మేము అనడం లేదు. బిడ్డను కాదనడానికి అడిగే పరీక్షకు 1993 నాటి కట్టుబాట్లన్నీ ఉండాలె. బిడ్డను ఒప్పించడానికి తల్లి గాని, బిడ్డ గాని అడిగే పరీక్షకు అవి ఉండకూడదు. అప్పుడు మగవాడు రాకపోతే అతనే తండ్రి అని కోర్టు రాయాలె. ఖర్చు ప్రభుత్వం పెట్టాలె. పాలేరు భార్య, జోగిని వంటి తల్లుల విషయంలో సెక్షన్ 116 ఊహను బిడ్డ కోరితే పక్కన పెట్టే వీలుండాలె. వారసత్వ చట్టం సెక్షన్ 3లోని ఆ మాటను కొట్టివేసి, రుజువైన తండ్రి ఆస్తిలో ప్రతి బిడ్డకూ వాటా ఇవ్వాలె. దీనికి కొత్త శాస్త్రమేమీ అక్కర లేదు. ఆ శాస్త్రం మన హైదరాబాదులోనే ముప్పై ఏళ్ళకు పైగా ఉంది. ఎవరి కోసం వాడాలన్నది మాత్రమే తేలలేదు.

కాళేశ్వరం పనులకు భూములు పోయి, కాలువ వచ్చిన దగ్గర ఎకరం ధర పెరిగి, పాసుపుస్తకంలో పేరు ఉన్నవాడికే పైసలు పడుతున్న ఈ కాలంలో తండ్రి పేరు ఉత్త పరువు ప్రశ్న కాదు. అది భూమి ప్రశ్న. భూమి ప్రశ్నను కరీంనగర్ పల్లెలు ఎట్లా అడిగినయో 1978 నాటి తరం చూసింది. గడీ వాకిట్లో పుట్టిన బిడ్డల వాటా ఆ లెక్కలో అప్పుడు రాలేదు. ఇప్పుడు రావాలె. కార్యకర్తలు కేసులను సేకరించాలె, విద్యార్థులు ఈ తీర్పులను తల్లుల వైపు నుంచి చదవాలె, టీచర్లు హాజరుపట్టీలో ఖాళీగా ఉన్న గడి దగ్గర ఆగి ఆ ఖాళీ ఎందుకు మిగిలిందో ఆలోచించాలె.